1500 మందికి చారు

అధ్యక్షుల వారికి, గ్రంథాలయ అధికారి గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అయ్యలకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ గుంటలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది. కానీ నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పని తీరిగ్గా చేసేశారు. నేనూ మొదలుపెడితే భోజనాల వేళ దాటిపోతుంది. భోజనాల వేళ దాటకూడదన్నది నా ఉద్యోగంలో మొదటి నియమం.

గ్రంథాలయ వారోత్సవాల్లో నాకిచ్చిన అంశం 'నౌకాదళం, దేశభక్తి'. రాసుకొచ్చిన కాగితాలు జేబులోనే ఉన్నాయి. ఇందాక నన్ను పరిచయం చేస్తూ మాస్టారు "విమానవాహక నౌక విరాట్ మీద పనిచేసి శత్రువుల గుండెల్లో నిద్రపోయిన వీరుడు" అన్నారు. వాళ్ల గుండెల్లో నిద్రపోయానో లేదో తెలీదు గానీ, మాస్టారూ, నౌక మీద మాత్రం నాకు నిద్ర తక్కువే. నేను కుక్‌ని. నేవీలో చేరినప్పుడూ కుక్‌నే. లీడింగ్ కుక్ అయ్యి, పెట్టీ ఆఫీసర్ అయ్యి, పింఛను కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చినప్పుడూ కుక్‌నే.

చూశారా, ఆ మాట అనగానే రెండో వరసలో ఒక ముఖం మారింది. పరవాలేదు బాబూ, నాకు అలవాటే. ఏటా డిసెంబరు 4న నేవీ డే అని ఏదో ఒక స్కూలు వాళ్లు పిలుస్తారు, శాలువా కప్పుతారు. "సార్, మీరు మిసైల్ పేల్చారా, గన్ పేల్చారా?" అని పిల్లలు అడుగుతారు. "వంట చేశాను" అంటాను. "ఓహో" అంటారు. ఆ 'ఓహో' ఎత్తుగా మొదలై కిందకి దిగిపోతుంది. పెళ్లిచూపుల నాడు మా మామగారూ అచ్చం అలాగే అన్నారు. నేవీ సంబంధం వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు పాపం. తీరా విచారిస్తే గరిటె తిప్పేవాడు.

అందుకని ఇవాళ ఆ కాగితాలు తీయను. దేశభక్తి గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. వంట గురించే చెబుతాను.

నౌక సంగతి ముందు రెండు ముక్కల్లో అయిపోవాలి. విరాట్ మనది కాకముందు బ్రిటిష్ వాళ్లది, పేరు హెర్మిస్. 1959లో వాళ్ల నేవీలో చేరింది. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికి వెళ్లిన వాళ్ల దళానికి అదే ఫ్లాగ్‌షిప్, అంటే దళాధిపతి ఉండే నౌక. 1986లో మనం కొన్నాం. 1987 మే 12న విరాట్ అయింది. పొడవు 226 మీటర్లు, బరువు 28 వేల టన్నుల పైచిలుకు. 2017 మార్చి 6న రిటైరయింది. ఇవన్నీ మీ ఫోన్లలో దొరుకుతాయి. దొరకనివి చెప్పడానికే నన్ను పిలిచారనుకుంటాను.

నేను ఒడిశాలో చిలికా సరస్సు పక్కనున్న నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిల్కాలో సెయిలర్‌గా శిక్షణ పొంది, ఆ తర్వాత ముంబైలో మలాడ్ వైపున్న ఐఎన్ఎస్ హమ్లాలో వంట నేర్చుకున్నాను. మా అమ్మ నవ్వింది, "వంట నేర్చుకోడానికి బొంబాయి ఎందుకురా" అని. పదిమందికి వండడం అమ్మ దగ్గర నేర్చుకోవచ్చు. విరాట్ మీద సిబ్బంది, విమానాల వాళ్లు, హెలికాప్టర్ల వాళ్లు అంతా ఎక్కితే 1500కి దగ్గర పడేవాళ్లం. 1500 మందికి ఉప్పు ఎంత వేయాలో ఏ అమ్మకీ తెలీదు.

ఇంకో తిరకాసు ఉంది. ఆ వంటగదిని కట్టినవాళ్లు బ్రెడ్డు, బంగాళాదుంప, కాల్చిన మాంసం తినేవాళ్లు. రొట్టె కాల్చుకోడానికి ఓవెన్లు ఉన్నాయి, బేకరీ ఉంది. కానీ పూటకి బస్తాల కొద్దీ బియ్యం, వేలకొద్దీ చపాతీలు అని వాళ్లు కలలో కూడా అనుకుని ఉండరు. నేను ఎక్కేసరికి కొన్ని స్విచ్చుల మీద ఇంకా వాళ్ల నాటి ఇత్తడి బిళ్లలు ఉన్నాయి. ఆ బిళ్లల కింద నిలబడి మేం పోపు పెట్టేవాళ్లం.

మంట ఉండదు. ఇది రాసుకోండి. కింద ట్యాంకుల్లో విమానాల ఇంధనం, ఆయుధాల గదుల్లో బాంబులు, అలాంటి చోట గ్యాస్ పొయ్యి వెలిగించనిస్తారా? అన్నం ఉడికేది ఆవిరితో. రెండు పొరల గోడలున్న పెద్ద తొట్లు ఉంటాయి, ఆ పొరల మధ్యకి ఆవిరి వస్తుంది. నౌకని నడిపేదీ బాయిలర్ల ఆవిరే, అన్నం ఉడికించేదీ ఆవిరే. మిగతాదంతా కరెంటు. మంట లేకపోతే మాడిన వాసన రాదనుకోకండి. పప్పు అడుగంటడానికి మంటతో పనిలేదు, మనిషి అటు తిరిగితే చాలు.

నీళ్ల సంగతి. చుట్టూ నీళ్లే, వాడుకోడానికి ఉండవు. సముద్రపు నీళ్లని ఆవిరి చేసి మంచినీళ్లు తయారుచేసే యంత్రాలు ఉంటాయి. ఆ నీళ్లలో మొదటి వాటా మనుషులది కాదు, బాయిలర్లది. బాయిలర్‌లోకి ఉప్పు పోతే గొట్టాలు పాడవుతాయి, నౌక ఆగిపోతుంది. బాయిలర్ తాగాక వంటగది, వంటగది తర్వాత స్నానం. యంత్రం ఏదైనా మొరాయించిందా, స్నానాల నీళ్లు కట్. తెరిచే గంట తెరుస్తారు, ఆ గంటలో దొరికితే దొరికినట్టు. సబ్బు పూసుకున్నాక నీళ్లు ఆగిపోయిన మనిషిని మీరు చూడలేదు. చూసి ఉంటే ఈ హాల్లో కుళాయి అలా కారుతూ ఉండదు. ఎవరైనా వెళ్లి కట్టండి నాన్నా.

బియ్యం కడగడానికి కూడా లెక్కే. మూడు కడుగులు మా ఇంట్లో, ఒకటే కడుగు నౌకలో. కానీ గంజి మాత్రం వచ్చేది కదా. దాన్ని పారబోస్తుంటే ఒకరోజు బాయిలర్ గదిలో పనిచేసే కుర్రాడు ఒకడు వచ్చాడు, విజయనగరం వైపు వాడు. కింద వాళ్లకి ఎండాకాలం 45 డిగ్రీలు దాటిపోతుంది. చెమటకి ఉప్పు పోతుందని నిమ్మరసం, ఉప్పు బిళ్లలు ఇస్తారు. వాడు మగ్గు చాపి, "అన్నా, గంజిలో ఉప్పేసి ఇయ్యి" అన్నాడు. మర్నాడు ఇద్దరు, ఆ మర్నాడు వాళ్లతో పాటు ఒక హర్యానా వాడు. గంజి అంటే ఏంటో ఎరగని జాట్ కుర్రాడు కూడా డ్యూటీ దిగగానే మగ్గు పట్టుకుని వచ్చేవాడు. ఏ మెనూలోనూ లేని వంటకం అది. ఖర్చు సున్నా.

ఇక మెనూ అంటారా, భారతదేశాన్ని ఒక పళ్లెంలో ఇరికించడమే. పంజాబు వాడికి అన్నం పెడితే తిన్నట్టుండదు. శ్రీకాకుళం వాడికి చపాతీ పెడితే "టిఫిన్ అయింది, భోజనం ఎప్పుడు?" అంటాడు. మలయాళీకి ఉప్పుడు బియ్యం, బెంగాలీకి చేప. శాకాహారుల గరిటెలు వేరు, గిన్నెలు వేరు. ఆదివారం పూరీ, ఆ రోజే కోడి. చపాతీల లెక్క మీరే వేసుకోండి, మనిషికి నాలుగు, తినేవాళ్లు వెయ్యి మంది అనుకోండి. పిండి కలపడానికి యంత్రం ఉంది. ఒత్తడం, కాల్చడం చేతులే. ఇప్పుడు 2022లో కొచ్చిలో కొత్త విమానవాహక నౌక విక్రాంత్ వచ్చింది, దాంట్లో చపాతీలు చేయడానికి కూడా యంత్రాలున్నాయట. ఉండనీ. మా భుజాలు మాత్రం తిరిగిరావు.

మరో లెక్క చెబుతాను, పిల్లలు వినండి. విక్రమాదిత్య అని ఇంకో విమానవాహక నౌక ఉంది, 2013లో రష్యాలో మన చేతికొచ్చింది. దాంట్లో 1600 మంది పైన ఉంటారు. నెలకి దాదాపు లక్ష కోడిగుడ్లు, 20 వేల లీటర్ల పాలు, 16 టన్నుల బియ్యం. నేవీ వాళ్లే చెప్పిన లెక్క ఇది. రేవుకి రాకుండా 45 రోజులు సముద్రంలో ఉండగలదు. ఇప్పుడు చెప్పండి, ఆ లక్ష గుడ్లు ఎవరు ఎక్కించారు? విమానం ఎక్కించదు కదా.

రేషన్ ఎక్కించే రోజు చూడాలి. యార్డు నుంచి లారీలు వచ్చి ఆగుతాయి. ఆ రోజు బ్రాంచి లేదు, గొప్ప లేదు, రేడార్ వాడూ, గుమాస్తా పని చేసే రైటరూ అందరూ వరసగా నిలబడాలి. బస్తా చేతి నుంచి చేతికి మారుతూ నిచ్చెనలు దిగి స్టోరు గదికి చేరుతుంది. గుమ్మడికాయలు వచ్చినప్పుడు కాసేపు ఆట. కోడిగుడ్ల ట్రేలు వచ్చినప్పుడు మాత్రం ఒక్కడూ మాట్లాడడు.

ఎక్కించిన వాటిలో ముందు ఆకుకూరలు అయిపోతాయి. తర్వాత టమాటాలు, బెండకాయలు. ఆ తర్వాత క్యాబేజీ. చివరికి ఉల్లి, బంగాళాదుంప, గుమ్మడి, పప్పులు, డబ్బాల్లో వచ్చే సరుకు, పాలపొడి. రేవు వదిలి ఎన్నాళ్లయిందో క్యాలెండర్ చూడక్కర్లేదు, పళ్లెం చూస్తే తెలిసిపోతుంది. పళ్లెంలో పచ్చరంగు కనపడకుండా పోయిన నాటి నుంచి మనుషులకి కోపాలు పెరుగుతాయి. ఇది నేను కనిపెట్టిన సంగతి, డాక్టర్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. అప్పుడే లాకర్ల లోంచి హార్లిక్స్ సీసాలు బయటికొచ్చేవి. వాటిల్లో హార్లిక్స్ ఉండదు, ఆవకాయ ఉంటుంది. ఒక సీసా ఆవకాయకి నౌకలో ఉన్న విలువ ఇక్కడ మీకెవరికీ అర్థం కాదు. దానికోసం డ్యూటీలు మార్చుకున్నవాళ్లు ఉన్నారు. ఎండుచేపలు తెచ్చుకున్న మావాడు ఒకడు మాత్రం మెస్ మొత్తానికి శత్రువైపోయాడు. మూసిన గదిలో మూడంతస్తుల మంచాల మధ్య ఆ మూట విప్పకూడదు మరి.

నిద్ర సంగతి అడగరేం? మంచాలు ఒకదాని మీద ఒకటి మూడు. పక్కకి దొర్లాలంటే పైవాడి నడుముకి మన మోకాలు తగులుతుంది. పైన విమానాలు ఎగిరే, దిగే ఫ్లైట్ డెక్. సీ హారియర్ అనే యుద్ధ విమానం ముందున్న వాలు మీదుగా దూసుకుపోయి గాల్లోకి లేస్తుంది, తిరిగొచ్చేటప్పుడు నిట్టనిలువుగా దిగుతుంది. అది దిగుతుంటే రైలు పట్టాల కింద మంచం వేసుకుని పడుకున్నట్టే. కొన్నాళ్లకి అలవాటైపోతుంది. ఇంకా కొన్నాళ్లకి ఆ చప్పుడు లేకపోతేనే మెలకువ వస్తుంది.

కానీ మేం పగలు పడుకునేది ఎక్కడ? పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, నాలుగింటికి టీ, రాత్రి భోజనం, అర్ధరాత్రి 12 నుంచి 4 దాకా కాపలా ఉండే మిడిల్ వాచ్ వాళ్లకి ఏదో ఒకటి. విమానాలు ఎగిరే రోజుల్లో అయితే వేళ అన్నది ఉండదు. డెక్ మీద ఉన్నవాళ్లు దిగి రాలేరు. పూరీ, కూర, గుడ్డు పొట్లాలు కట్టి పంపాలి. ఆ పొట్లం కాగితం ఒక్కటి గాలికెగిరి ఇంజిన్‌లోకి పోయిందా, విమానం పని అయిపోతుంది. అందుకే ఎగరడానికి ముందు డెక్ మీద జనం భుజం భుజం కలిపి వరసగా నడుస్తూ మేకు, మర, పుల్ల, కాగితం ఏది దొరికితే అది ఏరతారు. మా పొట్లాల దారాలు కూడా లెక్కే. పంపినన్ని తిరిగి రావాలి.

ఈ విమానాల వల్లే జరిగిన ఇడ్లీ కథ ఒకటుంది. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, త్వరగా చెప్పేస్తాను. నౌక లోపలి వేడికి పిండి ఇంట్లో కంటే సగం టైములో పులిసిపోతుంది. ఆ రోజు గంగాళాల నిండా పొంగిన పిండి. కదలకుండా కట్టిన తాళ్లు విప్పి, పళ్లేల్లో పోయడం అప్పుడే మొదలైంది. పైన విమానాలు దింపుకోడానికి నౌక గాలికి ఎదురు తిరగాలి. తిరిగింది. తిరిగినప్పుడు నౌక ఒక పక్కకి ఒరుగుతుంది. మైకులో చెప్పారు కూడా. చెప్పేలోపు ఒక గంగాళం ఒరిగింది, పిండి గుమ్మం దాటి నడవాలోకి పోయింది. అటునుంచి తన డ్యూటీకి పరుగెత్తుకొస్తున్న ఒక ఒడియా కుర్రాడు ఆ చివర మొదలుపెట్టి ఈ చివరికి కూర్చునే వచ్చాడు. అంతే, వాడి పేరు ఇడ్లీ. చీఫ్ అయ్యాక కూడా ఇడ్లీ సాబే. ఆ రోజు టిఫిను బ్రెడ్డూ గుడ్డూ.

నవ్వారు, సంతోషం. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీనికోసమే వచ్చాను నేను.

1989. శ్రీలంకలో మన శాంతి సేన ఉన్న రోజులు. జులై, వానాకాలం, అరేబియా సముద్రం ఎలా ఉంటుందో మన భావనపాడు బెస్తవాళ్లనడిగినా ఊహించి చెప్పగలరు. ఆపరేషన్ జూపిటర్ అని పేరు. కొచ్చికి ఎదురుగా సముద్రంలో మా నౌక ఉంటే, గఢ్వాల్ రైఫిల్స్ జవాన్లని హెలికాప్టర్లలో తెచ్చి దించారు. మూడు వందల మంది పైనే. హిమాలయాల కింది కొండల మనుషులు. వాళ్లలో చాలామంది సముద్రం చూడటమే అప్పుడు, అదీ ఆకాశంలోంచి. కొండ ఎక్కమంటే ఉడుతల్లా ఎక్కుతారు గానీ, కాళ్ల కింద నేల కదిలితే ఏం చేస్తారు? సాయంత్రానికి హ్యాంగర్‌లో, అంటే విమానాలు నిలిపే పెద్ద గదిలో, దుప్పట్లు పరుచుకుని పడిపోయారు. తిన్నది తిన్నట్టు బయటికి. మా వంటగది వాళ్లు రొట్టెలు, బంగాళాదుంప కూర, మాంసం చేశారు అతిథులు కదా అని. ట్రేలు అలాగే వెనక్కొచ్చాయి. ఆ వాసనకే వాళ్లకి డోకు.

అప్పుడు నేను జూనియర్‌ని. మా పెద్ద కుక్ ఒకాయన ఉండేవారు, తమిళుడు. ఆయనా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు. చింతపండు నానేశాం. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచాం. నూనె చుక్క మాత్రమే. వార్చిన గంజి కొంచెం కలిపాం, ఒంట్లో సత్తువ నిలబడుతుందని. ఆయన రసం అన్నారు, నేను చారు అన్నాను. కాగింది. మగ్గుల్లో పోసి తీసుకెళ్లాం.

మొదట ఎవడూ ముట్టలేదు. ఒక వయసైన హవల్దార్ ఉన్నాడు, పెద్ద మీసాలు. ముఖం ఆకుపచ్చగా ఉంది గానీ పడుకోలేదు, తన కుర్రాళ్ల మధ్య గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మందనుకున్నాడో ఏమో, కళ్లు మూసుకుని ఒక గుటక వేశాడు. ఆగాడు. ఇంకో గుటక. తర్వాత మగ్గు ఖాళీ చేసి పక్కవాడి చేతికిచ్చి "పీ" అన్నాడు, తాగమని. ఆజ్ఞ అది. అక్కడి నుంచి మాకు ఊపిరాడలేదు. రాత్రి పొద్దుపోయే దాకా కాచాం, మోశాం. అలలకి మెట్లు ఊగుతుంటే ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక చేత్తో వేడివేడి క్యాను. వాళ్లు తాగుతున్నారని మా నౌక వాళ్లూ వచ్చారు. మావాళ్లకి మాత్రం కళ్లు తిరగవా? నేవీ వాడికి సముద్రం పడదని చెప్పుకోడానికి సిగ్గు, అంతే. ఆ రాత్రి నౌకలో దాదాపు అందరూ చారు తాగారు.

మర్నాడు ఆ హవల్దార్ వంటగది గుమ్మం దగ్గరికి వచ్చాడు, ఇంకా కావాలని కాదు, ఏం వేశారో అడగడానికి. మాటల్లో మాట, మీ ఊళ్లో ఏం తింటారంటే వాళ్ల కొండల్లో చలికాలం ఉలవలు కాచుకు తాగుతారని చెప్పాడు. నా లాకర్లో మా అమ్మ కట్టిచ్చిన ఉలవల మూట ఉంది! ఆ సాయంత్రం ఒక చిన్న గిన్నెడు ఉలవచారు కాచి ఆయనకిచ్చాను. తాగుతున్నంత సేపూ ఏమీ మాట్లాడలేదు. తాగాక వాళ్లమ్మ గురించి గంటసేపు చెప్పాడు. నాకొచ్చిన హిందీలో సగం అర్థమైంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? మా దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. వంట అయ్యాక డ్యూటీ ఆఫీసర్ వచ్చి రుచి చూసి దాంట్లో సంతకం చేయాలి. ఏం వండారో రాసి ఉండాలి. ఆ రాత్రి ఆఫీసర్ గారు వచ్చారు, చారు తాగారు, బాగుందన్నారు, రెండోసారి కూడా పోయించుకున్నారు. రిజిస్టర్‌లో ఏం రాయాలి? అచ్చు వేసిన మెనూలో చారూ లేదు, రసమూ లేదు. రాసే ఆయన ఉత్తరాది మనిషి. ఏదో ఒకటి రాయాలి కదా అని "వెజిటబుల్ సూప్" అని రాసేశాడు. సంతకం పడింది.

అయ్యా, అమ్మా, ఆలోచించండి. ఆపరేషన్ జూపిటర్ గురించి రాసిన చోట హెలికాప్టర్లు ఎన్నిసార్లు తిరిగాయో ఉంది. ఎన్ని టన్నుల సామాను ఎక్కిందో ఉంది. అన్నీ నిజాలే, రాయవలసినవే. కానీ ఆ మూడు వందల మందిని మర్నాడు పొద్దున లేపి నిలబెట్టింది ఏంటి? చారు. చారు ఎక్కడుంది? ఎక్కడా లేదు. వెజిటబుల్ సూప్ ఉంది. అసలు ఆ రిజిస్టర్ అయినా ఇప్పుడు ఉందనుకోను. చరిత్ర రాసేవాడు రేపు వచ్చి ఆ రోజు ఏం తిన్నారని వెతికితే, గఢ్వాల్ జవాన్లు సూపు తాగారని రాస్తాడు.

కూరగాయల మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. ఇది మన ప్రాంతపు కథ. 1971 యుద్ధం, పాత విక్రాంత్ రోజులు. నేనప్పటికి పలకా బలపం పట్టిన పిల్లవాణ్ని, తర్వాత పెద్దల దగ్గర విన్నాను, అచ్చులోనూ ఉంది. విక్రాంత్‌ని ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్ ఎక్కడుంది? అండమాన్ దీవుల్లో దాచారు. కానీ అది విశాఖలోనే ఉందని శత్రువు నమ్మాలి. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఏం చేశారు? రాజ్‌పుత్ అనే పాత నౌకని పంపి అదే విక్రాంత్ అన్నట్టు వైర్‌లెస్ సందేశాలు గుప్పించారు. దాంతో పాటు విశాఖలో కాంట్రాక్టర్లకి పెద్ద ఎత్తున మాంసం, కూరగాయలు ఆర్డరు పెట్టించారు. అంత రేషన్ ఎందుకు కొంటున్నారు? పెద్ద నౌక రేవులో ఉందన్నమాట! గూఢచారి ఎవడైనా ఉంటే ఆ కబురు మోసుకుపోవాలని. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి ఘాజీ విశాఖ ముందే మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల మధ్య ఇప్పటికీ వాదన ఉంది, అందులోకి నేను పోను. దాంట్లో పోయినవాళ్లకీ అమ్మలున్నారు. నేను చెప్పేది ఒక్కటే. విశాఖ బీచ్‌లో ఆ విజయానికి గుర్తుగా స్మారకం ఉంది, 1996లో కట్టారు. వెళ్లినప్పుడల్లా చూస్తాను. ఆ బెండకాయల గురించి అక్కడ ఎక్కడా లేదు. ఆ ఆర్డరు తీసుకున్న కాంట్రాక్టరు ఎవరు? ఆ బస్తాలు మోసిన కూలీలు ఎవరు? తినే మనుషులు లేని ఆ కూరగాయలు చివరికి ఏమయ్యాయి? నాకైతే తెలుసుకోవాలని ఉంది.

రెండు నిమిషాలు సార్. రెండంటే రెండే.

2016 ఫిబ్రవరిలో విశాఖలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగింది. ఆర్కే బీచ్‌లో ఇసుకేస్తే రాలని జనం. మా ఇంటావిడని తీసుకెళ్లి దూరంగా నిలబడ్డ విరాట్‌ని చూపించాను. అన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆ నౌకని చూడటం అదే. "ఏ కిటికీ దగ్గర వండేవారు?" అంది. వంటగదికి కిటికీ ఉండదు అన్నాను. "అయితే సముద్రం కనిపించేది కాదా?" అంది. కొన్నిసార్లు రోజుల తరబడి కనిపించేది కాదు. ఎండ కూడా. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. మొదటి నుంచీ ఆవిడ మనసులో నేను గాలికి నిలబడి సముద్రం చూస్తూ కూరలు తరుగుతున్నాను పాపం.

ఆ ఏడే విరాట్‌ని విశాఖకి తెచ్చి మ్యూజియం చేద్దామని మన రాష్ట్ర ప్రభుత్వం అంది. నేను ఎంత సంబరపడ్డానో మా వీధి వీధంతా తెలుసు. అవలేదు. తర్వాత 2018లో మహారాష్ట్ర వాళ్లు 852 కోట్లతో చేస్తామన్నారు. అదీ అవలేదు. 2020 సెప్టెంబరులో గుజరాత్‌లోని అలంగ్ తీరానికి లాక్కెళ్లి ఇసుకలోకి ఎక్కించారు. కోర్టుల దాకా వెళ్లారు కొందరు, సుప్రీంకోర్టు కొన్నాళ్లు ఆపింది, 2021లో అదీ అయిపోయింది. పాత విక్రాంత్‌కి అంతకుముందే అదే గతి, దాని ఇనుముతో మోటార్ సైకిళ్లు చేశారు. ఖర్చు పెద్దది, నౌక పాతది, నాకు తెలుసు. ఇనుము తుప్పు పడుతుంది, బాగుచేస్తూ ఉండాలి. ఆ వాదన అంతా అర్థమైనా నాకు ఒప్పుదల కాలేదు. ఈ వయసులో ఇక కాదు కూడా.

ఒకవేళ మ్యూజియం అయ్యుంటే మాత్రం? విమానాలు పెడతారు, కెప్టెన్ల ఫోటోలు పెడతారు. విశాఖలో కుర్సురా జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేశారు, మీలో చాలామంది చూసే ఉంటారు. లోపల చిన్న వంటగది ఉంది. జనం అక్కడికి వచ్చేసరికి "అబ్బో, ఇంత ఇరుకా" అని నవ్వుకుంటూ దాటేస్తారు. నేను మాత్రం అక్కడే నిలబడతాను. వెనకవాళ్లు "జరగండి సార్" అంటారు. ఆ ఇరుకులో ఎవరు వండారో, తుఫాను రోజున ఏం వండారో అడిగే మనిషి కోసం చూస్తాను. ఇంతవరకూ దొరకలేదు.

అందుకే ఇవాళ మీ ముందుకొచ్చాను. ఇది గ్రంథాలయం కదా. మన జిల్లా నుంచి ఊరికి ఇద్దరో ముగ్గురో నేవీలోనో ఆర్మీలోనో చేసి వచ్చినవాళ్లు ఉన్నారు. అందరూ గన్ పేల్చినవాళ్లు కారు. కుక్కులు, భోజనం వడ్డించే స్టివార్డులు, బట్టలుతికినవాళ్లు, జుట్టు కత్తిరించినవాళ్లు, పాయఖానాలు కడిగినవాళ్లు, బాయిలర్ గదుల్లో చెమటోడ్చినవాళ్లు. వాళ్లెవరూ వేదికలెక్కరు. మీరు పిలిచినా "మాకేం తెలుసు బాబూ" అంటారు. తెలుసు. చాలా తెలుసు. వాళ్లలో కొందరు ఈ ఏడాది దాటరు.

వెనకున్న తమ్ముళ్లూ, మీలో అగ్నివీర్‌కి పెట్టుకున్నవాళ్లు ఉన్నారని తెలుసు. పదో తరగతి మీద కుక్, స్టివార్డ్ అని ఉంటుంది. ఇందాక బయట ఒకడు "అది వద్దు సార్, ఇంకేదైనా చెప్పండి" అన్నాడు. వాడికి జవాబు సభ అయ్యాక విడిగా చెబుతాను, ఇక్కడ చెబితే నొచ్చుకుంటాడు.

గ్రంథాలయ అధికారి గారూ, నేనడిగేది పెద్దదేమీ కాదు. ఒక అలమరలో ఒక అర ఇప్పించండి. లెడ్జర్ పుస్తకాలు నాలుగు నేనే కొనుక్కొచ్చాను, సంచీలో ఉన్నాయి. ప్రతి ఆదివారం ఇక్కడ కూర్చుంటాను. వచ్చినవాళ్లు చెబుతారు, చేతిరాత బాగున్న ఆడపిల్లలో మగపిల్లలో ఎవరో ఒకరు రాస్తారు. ఏం వండారు, ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, నీళ్లు ఆగిపోతే ఏం చేశారు, ఇంటి నుంచి ఉత్తరం రాకపోతే ఏం చేశారు. చారుని చారు అనే రాయాలి, ఆ ఒక్కటీ నా షరతు. మొదటి పుస్తకంలో మొదటి పేజీలో మా తమిళ పెద్దాయన కాచిన పాళ్లు నేను రాశాను, 1500 మందికి చింతపండు ఎంత, మిరియాలు ఎంత అని. ఇంట్లో చేసుకునేవాళ్లు భాగించుకోండి.

ఈ ఆదివారం పదింటికి వస్తాను. గ్రంథాలయానికి ఆదివారం తాళం ఉంటుందేమో, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కాస్త చెప్పండి.